కళ్ళారా చూసినవాళ్ళు

చినమొగ,
19 జనవరి 2025, ఆదివారం.

అక్కా,

నమస్కారం. ఈ ఉత్తరం నువ్వు చదవలేవని తెలుసు. ఒక కంటికి శుక్లం తీయించినా అక్షరం ఆనదు, రెండో కంట్లో చూపే లేదు. కోడలు వేదశ్రీ చదివి వినిపిస్తుందని రాస్తున్నాను. వేదా, ఈ ఉత్తరం నీకూ అనుకో తల్లీ.

కేశవ్ జాడ తెలియలేదు. ముందు ఆ మాట చెప్పేస్తే మిగతాది నింపాదిగా వింటారు. పోలీసులు, పడవలవాళ్ళు ఆరు రోజులు వెతికి నిన్న వెళ్ళిపోయారు. వాడితో ట్రెకింగ్‌కు వచ్చిన జట్టు పిల్లలు అంతకుముందే హైదరాబాద్ చేరారు. అందరూ చెప్పేది ఒకటే. తొమ్మిదో తారీఖు మధ్యాహ్నం వాడు జట్టును వదిలి, ఒంటరిగా, బస్సు రోడ్డుకని బయలుదేరాడు. రోడ్డు మీద వాడిని ఎవరూ చూడలేదు.

నేను ఇక్కడే ఉండిపోయాను. మురళి అని అటవీశాఖ వాచర్ ఒకతను తన షెడ్డులో మంచం ఇచ్చాడు. ఇక్కడ ఫోన్ పలకదు. పలికే ఊరిదాకా నడిచి వెళ్ళి మాట్లాడినా, మనకు ఏడుపు తప్ప మాట రావడం లేదు కదా. మురళి మంగళవారం, శుక్రవారం జీపులో పట్నం వెళ్తాడు. ఉత్తరాలు అతనే వేస్తాడు, అతనే తెస్తాడు.

నేను నడిచే దారి చెబుతాను, ఊహించుకోవడానికి ఉంటుంది. షెడ్డు దాటగానే ఆరు కిలోమీటర్లు సముద్రపు ఒడ్డు. తడి ఇసుక మీద కాలు నిలుస్తుంది, పొడి ఇసుకలో రెండడుగులు వేస్తే ఒకడుగు వెనక్కే. తరువాత దిబ్బలు. మన చాంద్రాయణగుట్టంత ఎత్తు కాదు గానీ ఎక్కుతుంటే జారుతాయి. దిబ్బల వెనుక సరుగుడు అడవి. లోపల ఎప్పుడూ ఎవరో పక్కగదిలో మాట్లాడుకుంటున్నట్టు చప్పుడు. మొదటి రెండు రోజులు ఆ చప్పుడు విని కేశవ్, కేశవ్ అని పిలిచాను. అడవి చివర ఒక ఏరు సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసే చోటును ఇక్కడివాళ్ళు మొగ అంటారు. బస్సు రోడ్డు ఏటికి అవతల ఉంది. అడవిలోంచి చుట్టు తిరిగి వంతెన మీదుగా పోతే ఏడు కిలోమీటర్లు. నీళ్ళు తగ్గినప్పుడు మొగకు అడ్డంగా నడిస్తే అర కిలోమీటరు కూడా లేదు. పోటు వస్తే ఆ దారి ఉండదు. వాడు చుట్టుదారిన పోయి ఉంటాడని నా నమ్మకం. తెలివైనవాడు.

పొద్దున్నే బయలుదేరి మొగ దాకా పోయి, సాయంత్రానికి తిరిగి వస్తున్నాను. ముప్పై రెండేళ్ళు నల్లా నీళ్ళు వదలడానికి గల్లీ గల్లీ తిరిగిన కాళ్ళు, ఇప్పుడే మొరాయించవు. మురళి మాత్రం, “రావుగారూ, మీరిలా తిరిగితే రేపు మీ కోసం ఇంకొకళ్ళు తిరగాలండి” అంటాడు. మంచివాడే. సముద్రాన్ని చూడటం నాకు ఇదే మొదటిసారి. ఇట్లా చూడాల్సి వచ్చింది.

వేదకు అన్నం తినిపించు.

నీ తమ్ముడు
విఠల్

•

మాదన్నపేట,
27 జనవరి.

విఠలా,

అక్క చెబుతుంటే వేదశ్రీ రాస్తోంది. అక్షరాలు గుండ్రంగా ఉంటే దానివి, మాటలు గరుకుగా ఉంటే నావి. అరవై ఎనిమిదేళ్ళొచ్చాక నా నోరు మెత్తబడుతుందని ఎవరూ అనుకోవద్దు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాను. నాకొకటి అర్థం కాలేదు. పొద్దస్తమానం నీళ్ళవైపు చూస్తూ నడిస్తే పిల్లవాడు ఎట్లా దొరుకుతాడు? వాడు నీళ్ళంటే భయపడేవాడు. మూడేళ్ళ పిల్లవాడిని మీ ఆవిడ పోయాక నా చేతుల్లో పెట్టావు, ఆనాటి నుంచి తలంటు పోయడానికి నేను వాడి వెంట వాకిలంతా పరుగెత్తాను. అట్లాంటివాడు ఏట్లో దిగుతాడా? చెట్లలో చూడు. ఎక్కడో పడి తలకు దెబ్బ తగిలి, పేరూ ఊరూ మరిచి ఉంటాడు. మన పక్కింటి ఆండాలు అంటోంది, “గిట్ల మస్తు మందికి అయితది పెద్దమ్మా, టీవీల చూపిస్తలేరా” అని.

ముక్కోటి నాడు మన వంతు ప్రహ్లాద్ చేశాడు. మూడు ఇళ్ళవాళ్ళం ఏడాదికొకరం చేసుకునే సేవ, మూడేళ్ళకొకసారి మన ఇంటికి వచ్చే భాగ్యం, చివరికి పినతండ్రి కొడుకు ఇంటికి పోయింది. నీకు భుజం విరిగింది కాబట్టి ఈసారి స్వామిని కేశవ్ మోస్తాడని, ఉత్తర ద్వారం దాటిస్తాడని ఎంత అనుకున్నాను. తెల్లవారుజామున కొత్త పంచె మడత విప్పి చేతిలో పట్టుకుని నిలుచున్నాను, విఠలా. ప్రహ్లాద్ నా దగ్గరికి వచ్చి, “అక్కా, ఫికర్ చెయ్యకు. వచ్చే వంతుకు కేశవే మోస్తడు, నేనే పక్కకు జరుగుత” అన్నాడు. వాడి మీద కోపం పెట్టుకోవడానికి కూడా లేకుండా పోయింది.

వేద బడికి పోతోంది, పాఠాలు చెప్పి వస్తోంది. తింటోందా అంటే కంచం ముందు కూర్చుంటోంది. రోజూ రెండు కంచాలు పెడుతుంది. ఈ మాట రాయనని మొరాయిస్తే, రాయమని నేనే గదమాయించాను.

నువ్వు మెతుకు ముడుతున్నావా? ఆ ఊళ్ళో అందరూ చేపలే తింటారు కదా, నీ వంట ఎవరు చేస్తున్నారు?

చెట్లలో చూడు.

అక్క సూర్యప్రభ

•

చినమొగ,
4 ఫిబ్రవరి.

అక్కా,

నువ్వు చెప్పినట్టే చెట్లలో చూశాను. చూడబట్టి మంచిదైంది.

సరుగుడు అడవి దాటాక ఏటి పక్కన జీడిమామిడి తోట ఒకటి ఉంది. అందులో కాపలా గుడిసె. గుడిసెలో ఎవరో మంట వేసుకున్న బూడిద, పక్కన బిస్కెట్ పొట్లం కాగితం కనిపించాయి. వాడు టీలో ముంచుకుని తినే రకమే. తోట కాపలా ముసలమ్మను అడిగితే, పది రోజుల కిందట పొడుగాటి కుర్రవాడు ఒకడు వచ్చి మంచినీళ్ళు అడిగాడట. గడ్డం పెరిగి ఉందట. కాలు కొంచెం ఈడ్చి నడుస్తున్నాడట. పేరు అడిగితే చెప్పలేదట.

అది కేశవేనని నేను అనను. కాదని కూడా అనలేను. నువ్వన్నట్టు తలకు దెబ్బ తగిలిందేమో. ఈ తోటలు ఏటి పొడుగునా ఉన్నాయి. ఒక్కొక్కటే చూసుకుంటూ పోతాను.

ఇక్కడ ఇప్పుడు తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం. తెల్లవారి ఒడ్డున నడిస్తే, అవి నీళ్ళలోంచి వచ్చి మళ్ళీ నీళ్ళలోకి పోయిన గుర్తులు ఇసుక మీద కనిపిస్తాయి. మురళి ఆ గుంటల చుట్టూ వెదురు దడి కడుతుంటే నేనూ సాయం పడుతున్నాను. వంట నేనే చేసుకుంటున్నాను. చింతపండు చారు, అన్నం. మురళి నా చారు తాగి, ఇది చారా, కారం నీళ్ళా అన్నాడు.

వేదను ధైర్యంగా ఉండమను. రెండో కంచం పెడితే పెట్టనివ్వు.

విఠల్

•

మాదన్నపేట,
13 ఫిబ్రవరి.

నా బంగారు తమ్ముడా,

నీ నోట్లో చక్కెర పోయాలి. వేద ఉత్తరం చదువుతూ మధ్యలో ఆగిపోయింది. చదవవే అంటే మళ్ళీ మొదటి నుంచి చదివింది. తరువాత ఇద్దరం కలిసి నవ్వాము. ఈ ఇంట్లో నెల రోజులకు వినిపించిన నవ్వు.

నేను చెప్పలేదా చెట్లలో చూడమని? నీకు చిన్నప్పటి నుంచీ కళ్ళ ముందున్నది కనిపించదు. చెప్పు కాలికి వేసుకుని ఇల్లంతా వెతికినవాడివి.

మొన్న జహనుమా నుంచి వేద నాన్న వచ్చాడు. మెల్లగా, “బిడ్డా, కొన్నొద్దులు ఇంటికి పోదం పా. ఈడ ఒక్కదానివి ఏం జేస్తవ్” అన్నాడు. అది లోపలికి పోయి నీ ఉత్తరం తెచ్చి, జీడితోట దగ్గర మొదలుపెట్టి చివరిదాకా చదివింది. ఆయన తల వంచుకుని విన్నాడు. టీ తాగి వెళ్ళిపోయాడు. మన పురోహితుడు కూడా ఏదో శాస్త్రం చెప్పబోతే, “పంతులుగారూ, నా మొగుడు నడుస్తున్నడు. కాలు నొస్తున్నదంట గంతే” అని మొహం మీదే చెప్పింది. నోట్లో నాలుక లేని పిల్ల అనుకున్నాను కదా ఇన్నాళ్ళూ!

నిన్నటి నుంచి బడికి పోవడం లేదు. నీ దగ్గరికి వచ్చి తోటలు తిరుగుతానంటోంది. ఆడపిల్ల ఆ ఇసుకలో ఎట్లా తిరుగుతుందని నేను ఆపాను. ఎన్నాళ్ళు ఆపగలనో తెలియదు.

మురళి పేరు మీద పార్శిల్ పంపుతున్నాము. కేశవ్ స్వెటర్, తొమ్మిదో నంబరు చెప్పులు, మాగాయ, కాలి నొప్పికి తైలం. జామపండ్లు వేద స్వయంగా బార్కస్ పోయి తెచ్చింది. దారిలో కుళ్ళుతాయే అంటే, “మంచియి పైన పెట్టిన అత్తమ్మా, ఆయనకు అందుతయి” అంది. వాడు దొరికిన వెంటనే అన్నం పెట్టకు. ముందు ఒక పండు పెట్టు, ఆకలితో ఉన్నవాడికి అన్నం ఒక్కసారిగా పడదు.

నువ్వు చల్లగా ఉండాలి.

అక్క

•

చినమొగ,
22 ఫిబ్రవరి.

అక్కా,

పార్శిల్ అందింది. పండ్లు బాగానే ఉన్నాయి.

అంత ఆశ పెట్టుకోవద్దని చెబుదామని రాస్తున్నాను. ఆ ముసలమ్మ మాట పూర్తిగా నమ్మడానికి లేదు. ఆమెకు చూపు సరిగా ఆనదు. వచ్చింది వేరే ఎవరైనా కావచ్చు. ఈ తోటల్లో ఎండాకాలం ముందు కూలీలు తిరుగుతుంటారు.

అట్లాగని వదిలేయలేదు. వెతుకుతూనే ఉన్నాను. ఏటికి పైన ఇంకో రెండు ఊళ్ళున్నాయి, అక్కడ కూడా అడిగి వస్తాను.

వేదను బడి మాననివ్వవద్దు. ఇక్కడికి అసలే రానివ్వవద్దు. ఇక్కడ ఆడవాళ్ళు ఉండటానికి చోటు లేదు. ఎండ కూడా ముదురుతోంది. ఆ అమ్మాయిని నాలుగు రోజులు జహనుమా పంపితే తప్పేమిటి? నాన్న పిలిచాడు కదా.

ఇంకేమీ తోచడం లేదు. చేతికి ఇసుక అంటుకుని కలం జారుతోంది.

విఠల్

•

మాదన్నపేట,
4 మార్చి.

విఠలా,

ఈ చేతిరాత చూసి కంగారు పడకు. ఆండాలు రాస్తోంది. వేద కూరగాయలకు మార్కెట్టుకు పోయింది, వచ్చేలోపు ముగించాలి. ఆండాలు నోట్లో నువ్వుగింజ నానదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఈ ఒక్కటి మాత్రం కడుపులో దాచుకుంటానని తులసికోట మీద చెయ్యి వేసి చెప్పింది.

నీ పోయిన ఉత్తరం వేద చదివిన తీరు నాకు నచ్చలేదు. ఒకచోట గబగబా చదివింది, ఒకచోట ఆగింది. అందులో ఉన్నదంతా చదివిందో లేదో నాకేం తెలుసు? అడిగితే, “మామయ్యకు ఒంట్లో బాగలేదేమో, గట్ల రాసిండు” అంటుంది. ఆ పిల్ల చదివిందే నేను వినాలి, నేను చెప్పింది ఆ పిల్లే రాయాలి. మన ఇద్దరి మధ్య గోప్యంగా ఒక మాట నడిచే దారే లేదు. అందుకే ఈ దొంగచాటు.

బడి ఉద్యోగం మానేసింది. కాగితం రాసిచ్చి వచ్చింది. రోజూ నీ ఉత్తరాలు ముందేసుకుని కూర్చుంటుంది. ఇరవై అయిదేళ్ళ పిల్ల. తెల్లవారి లేచి, అడుగుల చప్పుడైతే గడప దాకా పరుగెత్తి చూసి వస్తుంది. నాకు చూపు లేదు గానీ చెవులున్నాయి.

నేను పంతులుగారిని విడిగా పిలిపించుకుని అడిగాను. ఆయన చెప్పింది ఇది. మనిషి పోవడం ఒక్కరైనా కళ్ళారా చూసి ఉంటే, దేహం దొరక్కపోయినా మోదుగాకులతో బొమ్మ చేసి దహనం చేయాలి, పన్నెండు రోజులూ జరిపించాలి. ఎవరూ చూడకపోతే పన్నెండేళ్ళు ఎదురుచూడాలి, అంతవరకూ మనిషి ఉన్నట్టే లెక్క.

కాబట్టి నాకు ఒక్క మాట రాయి. ఎవరైనా చూశారా? చూశారంటే నేను తట్టుకుంటాను. వాడిని పెంచిన చేతులతోనే ఆ బొమ్మ నోట్లో బియ్యం పోస్తాను. వేదను పుట్టింటికి పంపి, దాని బతుకు దాన్ని బతకమంటాను. చూడలేదంటే ఎదురుచూస్తాను. ఈ రెండింటి మధ్యన వేలాడదీయకు, నా వల్ల కావడం లేదు.

జవాబు ఆండాలు ఇంటికి రాయి. ఇంటి నంబరు తనది వెయ్యి, పేరు మాత్రం నాదే రాయి. లేకపోతే ఆండాలు మొగుడు తనకనుకుని విప్పుతాడు. ఆండాలు చదివి వినిపిస్తుంది.

నీకు ఒట్టు. నిజమే రాయి.

అక్క

•

చినమొగ,
12 మార్చి.

అక్కా, ఆండాలమ్మా, ఈ ఉత్తరం వేద పక్కన లేనప్పుడు చదవండి.

చూశారక్కా. ఒకతను కళ్ళారా చూశాడు.

నూకయ్య అని ఇక్కడి చేపలవాడు. తాబేళ్ళ కాలమని ఈ నీళ్ళలో వేట నిషేధం. అతను తొమ్మిదో తారీఖు దొంగతనంగా వల వేసుకుని మొగకు కొంచెం దూరంలో పడవలో ఉన్నాడు. వల పోతుందని, జైలు పడుతుందని పోలీసులకు చెప్పలేదు. నేను కాలుకాలిన పిల్లిలా ఆ ఒడ్డున తిరగడం రెండు వారాలకు పైగా చూసి, జనవరి ముప్పైన నా దగ్గరికి వచ్చి కాళ్ళ మీద పడ్డాడు. అతను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

“బాబూ, తమరి కుర్రోడు నడుం లోతు దాకా వచ్చీసినాడు. సంచీ నెత్తి మీద ఎట్టుకున్నాడు. పోటొచ్చేస్తంది, ఎనక్కెల్లిపొమ్మని కేకేసినాను. సెయ్యి ఊపినాడు బాబూ. వచ్చేస్తన్నానన్నట్టు ఊపినాడు. వల సూసుకుని మల్లీ తిరిగేసరికి సంచీ తేల్తంది, మనిసి లేడు.”

పడవ తిప్పుకుని వచ్చేసరికి సంచీ కూడా కొట్టుకుపోయిందట, గంటసేపు వెతికాడట. దొరకలేదు. నాకు అతని మీద కోపం రాలేదు. కోపం ఇంకొకరి మీద ఉంది.

వాడు మొగకు అడ్డంగా ఎందుకు దిగాడో నాకు తెలుసు. ఆ పొద్దున వాళ్ళ జట్టు ఫోన్ పలికే ఊళ్ళో ఆగినప్పుడు నేను చేశాను. “రేపు తెల్లారేసరికి గుడిల ఉండాలె. లేకుంటే వంతు ప్రహ్లాద్ ఇంటికి పోతది. మూడేండ్లకొకపారి వచ్చే వంతు విడిచిపెట్టి అడివిల తిరుగుతున్నవ్, సిగ్గు లేదారా?” అన్నాను. వాడు “చూస్త బాపు” అని పెట్టేశాడు. హైదరాబాద్ రైలు అందే బస్సు అక్కడ ఒక్కటే. చుట్టుదారిన పోతే అది దొరకదు. వాడికి నీళ్ళంటే భయమని నువ్వు రాసినప్పుడు, ఆ ఉత్తరం పట్టుకుని దిబ్బ వెనుక కూర్చుని ఎంత ఏడ్చానో నాకే తెలుసు. స్వామిని మోయమని చెప్పి నా కొడుకును ఏట్లోకి తోశానక్కా.

జీడితోట ముసలమ్మ లేదు. బూడిద, పొట్లం కాగితం ఎవరో షికారువాళ్ళవి. మిగతాదంతా నేను అల్లినది. నువ్వు చెట్లలో చూడమన్నావు, వేద వింటుంది, ఆ రెండూ తలుచుకుంటే మునిగిపోయాడని రాయడానికి చెయ్యి రాలేదు. ఒక్క ఉత్తరం వరకే అనుకున్నాను. నా అబద్ధం మోసుకుని ఆ పిల్ల బార్కస్ దాకా పోయి పండ్లు తెస్తుందని, ఉద్యోగం మానుకుంటుందని నాకేం తెలుసు? అవి వచ్చేసరికి నల్లబడి కారుతున్నాయి. మొగలో వదిలాను.

చూసిన మనిషి దొరికాక కూడా ఇంకా ఎందుకు నడుస్తున్నావని అడుగుతావేమో. ఒక్క ఎముక దొరికినా చాలు, ఆకుల బొమ్మ అవసరం ఉండదు. అందుకు. ఇంటికి వచ్చి వేద మొహం చూసే ధైర్యం లేదు. అందుకు కూడా.

అడిగావు, నిజం రాశాను. పంతులుగారు చెప్పినట్టు జరిపించు. బొమ్మ చేసే రోజు రాయి, తల కొరివి పెట్టడానికి వస్తాను. వేదకు మాత్రం నువ్వే చెప్పు. నా ఫోన్ సంగతి కూడా చెప్పు. తిడితే తిట్టనివ్వు. దాన్ని జహనుమా పంపెయ్యి అక్కా, ఆ పిల్లనన్నా బతకనిద్దాం.

నీ తమ్ముడు

•

మాదన్నపేట,
24 మార్చి.

విఠలా,

నీ ఉత్తరం వచ్చింది. ఆండాలు ఇంటి నంబరే వేశావు, కానీ మన పోస్టుమ్యాన్ సంగతి మరిచిపోయాము. ముప్పై ఏళ్ళుగా ఈ గల్లీలో తిరిగేవాడు కవరు మీద నా పేరు చూస్తే ఊరుకుంటాడా? “సూర్యప్రభమ్మా, నీ తమ్మునికి సొంత ఇంటి నంబరే యాదిలేదు, పక్కింటిది ఏసిండు” అని నవ్వుతూ తెచ్చి వేద చేతిలోనే పెట్టాడు. లాక్కుందామని చెయ్యి చాచాను, అప్పటికే విప్పేసింది. తీరా అది చదివాక, ఇందులో దాచడానికి ఏముందని నాకే నవ్వొచ్చింది.

నేను ఒక్క మాట అడిగాను, నువ్వూ ఒక్క మాటే సూటిగా రాశావు. ఎవరూ చూడలేదని. చేపలవాళ్ళనందరినీ అడిగానని, ఒక్కరూ చూడలేదన్నారని. ఒట్టు వేసి అడిగితే నా తమ్ముడు అబద్ధం రాయడు. నిజం తెలిసింది, అది చాలు. వారం నుంచి రెండు పూటలా తింటున్నాను.

పంతులుగారికి చెప్పించాను. పన్నెండేళ్ళు. అప్పటికి నాకు ఎనభై వస్తాయి. వస్తే రానీ, నేనూ గట్టిదాన్నే. షుగరు మాత్రలు వేళకు వేసుకుంటున్నాను, ఇక చావడానికి తీరిక లేదు. మన వంతు కూడా నాలుగుసార్లు వస్తుంది ఈలోగా. నాలుగింటిలో ఒక్కటైనా వాడు మోయడా?

వేదను పుట్టింటికి పొమ్మని చెప్పి చూశాను. ఎదురుచూసేది నేను కదా, నువ్వెందుకే అన్నాను. వినలేదు. నన్ను విడిచి పోదట. పిచ్చి పిల్ల. నిన్న బడికి పోయి మళ్ళీ ఉద్యోగం అడిగి వచ్చింది, అది మంచిదే.

సముద్రం సంగతులు, ఆ సరుగుడు చెట్ల చప్పుడు రాశావు కదా, వింటుంటే నేనూ అక్కడ తిరిగినట్టు ఉంది. అట్లాగే రాస్తూ ఉండు.

అక్క సూర్యప్రభ

మామయ్యా,

పైన ఉన్నది అత్తమ్మ చెప్పింది చెప్పినట్టు రాశాను. ఇక్కడి నుంచి నా మాట. అత్తమ్మ దీపం పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

మీ ఉత్తరం నేనే విప్పాను, మొత్తం చదివాను. వేద పక్కన లేనప్పుడు చదవండి అన్నచోట ఆగాను. అత్తమ్మ నా మోకాలు పట్టుకుని, “ఏమన్నడే? ఎవలన్న చూసిన్రా?” అంది. అప్పటికి నా కళ్ళు కింది పంక్తి మీద ఉన్నాయి. ఎవరూ చూడలేదట అత్తమ్మా అన్నాను. ఆ తరువాత రెండు పేజీలు నేనే అల్లుకుని చదివాను. మీరు రాసినట్టే ఉండాలి కదా, అందుకని మధ్యలో సముద్రం, చెట్లు కూడా పెట్టాను. అత్తమ్మ నమ్మింది. ఆండాలక్క అడిగితే, ఉత్తరంలో అదే ఉందని ఆమెకూ చెప్పాను.

అత్తమ్మ కోసమే అలా చేశానని అనను. తట్టుకుంటానని మీకు రాయించిందని ఆండాలక్క చెప్పింది గానీ, ఆయన పంచె ఇంకా తలకింద పెట్టుకునే పడుకుంటుంది. ఆకుల బొమ్మను ఆ చేతులతో నేను కాల్పించలేను. అది సగమే.

మిగతా సగం మీకు చెప్పాలి. మీరు మోస్తున్నది నాది. ఆ పొద్దున మీ ఫోన్ పెట్టేశాక ఆయన నాకు చేశారు. “నేను వస్తలేను వేదా. ప్రహ్లాద్ మోస్తే దేవుడేం కిందపడడు. బాపుకు నువ్వే నచ్చచెప్పు” అన్నారు. నేను నచ్చచెప్పలేదు. “అత్తమ్మ మూడేండ్ల సంది చూస్తున్నది, నా కోసమన్న రా” అని బతిమాలాను. తరువాత, “సరే, నీ కోసం వస్త” అన్నారు. మీరు పిలిస్తే రానన్న మనిషి మామయ్యా, నేను పిలిస్తే బయలుదేరారు. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీ జీడితోట ఉత్తరం వచ్చిన రోజు నేను అంత నవ్వింది అందుకే. ఆయన బతికుంటే నా తప్పు తప్పు కాకుండా పోతుంది కదా.

ఇప్పుడు నన్ను జహనుమా పంపితే, అక్కడ అందరూ చుట్టూ కూర్చుని ఓదారుస్తారు. పాపం చిన్న పిల్ల అంటారు. అది నేను భరించలేను. ఇక్కడే ఉంటాను. రెండో కంచం పెడతాను. అత్తమ్మకు తోడు కావాలి, నాకు శిక్ష కావాలి.

మీరు రావాలనుకుంటే రండి, నేను మిమ్మల్ని ఏమీ అనను. రాలేకపోతే ఉత్తరాలు మాత్రం మానకండి. పోస్టు వచ్చే వేళకు అత్తమ్మ గడపలో కూర్చుంటోంది. ఏం రాయాలో తోచని రోజున తెల్లకాగితం మడిచి కవర్లో పెట్టి పంపండి. నేను చదువుతాను.

వేదశ్రీ